‘సోలిపోడం తగ్గింది గానీ బుర్ర తిరగడం తగ్గలేదు మేడం’: ఒక ఉద్దానం బాలింత కేసు

మే నెల రెండో వారంలో, మధ్యాహ్నం ఓపీ అయిపోయే వేళకి అత్తాకోడళ్ళు వచ్చారు. బిడ్డ అత్తగారి భుజం మీద నిద్రపోతున్నాడు. కోడలు గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెనకాల వస్తోంది. తలకి గుడ్డ కట్టుకుంది, చెవుల్లో దూది పెట్టుకుంది. బయట ఎండ మండిపోతుంటే ఆమె ఒంటి మీద స్వెటర్ ఉంది.

వయసు 27. రెండో కాన్పు అయి తొమ్మిది వారాలు. నార్మల్ డెలివరీయే గానీ, బిడ్డ పుట్టాక రక్తం ఎక్కువగా పోయిందని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసింది. భర్త చెన్నైలో బిల్డింగ్ పనులకి వెళ్ళాడు, కాన్పుకి వచ్చి పది రోజులుండి తిరిగి వెళ్ళిపోయాడు.

‘ఏమైందమ్మా?’ అంటే ‘కళ్ళు తిరుగుతన్నాయి మేడం’ అంది. పురుడు జరిగిన వారం నుంచీ ఉందట. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు మూడుసార్లు మందులు మార్చాడు. సంచిలోంచి తీసిన అట్టల మీద తల తిరగడానికి ఇచ్చే బీటాహిస్టిన్, సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజైన్ ఉన్నాయి, వాటితో పాటు రెండు రకాల బలం టానిక్కులు. మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోంది తప్ప తిరగడం ఆగలేదు.

నేను కాశీబుగ్గలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. వివరాలు కొన్ని మార్చి, ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. బాలింతకి కళ్ళు తిరగడం కొత్త సంగతి కాదు కదా, రక్తం తక్కువై ఉంటుంది, ఐరన్ ఇస్తే సరిపోతుంది అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. మొదటిసారి చూసినప్పుడు నేనూ సగం అలాగే అనుకున్నాను.

ఆ ఇంటి భయం

మాట్లాడుతుండగా అత్తగారు నా వైపు వంగి, కోడలికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగింది: ‘అమ్మా, ఇది కిడ్నీ కాదు గదా?’

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతం తెలియనివాళ్ళకి ఈ ప్రశ్న వింతగా ఉండొచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. ఆ ఇంట్లో మామగారికి రెండేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది, వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్తారు. ఆయనకీ మొదట్లో ఇలాగే ‘రక్తం లేదు, నీరసం, కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నారట. కిడ్నీలు పాడైతే రక్తం తయారీకి కావలసిన హార్మోన్ తగ్గి హిమోగ్లోబిన్ పడిపోతుంది. కాబట్టి ఆవిడ భయంలో అర్థముంది. అందుకే ఏ మందూ రాయకముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు రాశాను. ఉద్దానం నుంచి వచ్చే బాలింతలందరికీ నేను ఈ రెండూ చేయిస్తాను.

పడుకోబెట్టి బీపీ చూస్తే 108/70, పల్స్ 90. నిలబెట్టి మూడు నిమిషాలలోపు చూస్తే బీపీ 84/60, పల్స్ 118. నిలబడినప్పుడు పై బీపీ 20, లేదా కింది బీపీ 10 తగ్గితే దాన్ని పట్టించుకోవాలి. ఆమెకి రెండూ తగ్గాయి. కనురెప్ప కిందకి లాగితే కాగితంలా తెల్లగా ఉంది. సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి: హిమోగ్లోబిన్ 7.6, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6, క్రియాటినిన్ 0.6, మూత్రంలో ప్రోటీన్ లేదు. థైరాయిడ్, షుగర్, ఈసీజీ బాగున్నాయి. కాన్పు తరవాత ఏడాదిలోపు థైరాయిడ్ వాపు వచ్చి గుండెదడ, తూలుడు రావచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష వదలకూడదు.

‘కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయమ్మా’ అని చెప్తే అత్తగారు కుర్చీలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఒకరి పథ్యం ఇంకొకరికి

రక్తం తక్కువున్న మాట నిజమే. కానీ హిమోగ్లోబిన్ 7.6 ఉన్నవాళ్ళందరికీ నిలబడగానే బీపీ ఇంతలా పడదు. ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాను. ఇలాంటి చోట పదిహేను నిమిషాలు ఖర్చు పెడితే నష్టం లేదు.

బాలింత పథ్యం మామూలుగా ఉండేదే: కారప్పొడి అన్నం, వెల్లుల్లి, మిరియాల చారు. పెరుగు, పళ్ళు లేవు. నీళ్ళు రోజుకి నాలుగైదు గ్లాసులు, అవీ కాచి చల్లార్చినవి, చిన్న గ్లాసుతో. ‘నీళ్ళెక్కువ తాగితే బాలింతకి పొట్టొస్తాది, బిడ్డకి పడిశెం పడతాది’ అని అత్తగారి మాట. ఇది చాలా ఇళ్ళలో వింటాం. ఆ ఇంట్లో దీనికి ఇంకోటి తోడైంది. మామగారి కోసం ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండుతున్నారు. ఆయనకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి కాబట్టి, ఎక్కువ నీళ్ళు తాగితే కిడ్నీ మీద భారం పడుతుందన్న నమ్మకం అందరిలో నాటుకుపోయింది. పెరట్లో కొబ్బరి చెట్లున్నా కొబ్బరినీళ్ళు ముట్టనివ్వలేదు. డయాలసిస్ చేయించుకునే ఆయనకి పొటాషియం పెరుగుతుందని వద్దన్నారు, నిజమే. ఆ నిషేధం కోడలికీ అంటింది.

పాలిచ్చే తల్లి, మే నెల ఎండ, కిటికీలు మూసిన గది, స్వెటర్. ఒంట్లోంచి నీరు పోవడానికి ఇన్ని దారులున్నాయి. ఉప్పు తక్కువ, నీళ్ళు తక్కువ, రక్తం తక్కువ. నిలబడితే కళ్ళు బైర్లు కమ్మకుండా ఎలా ఉంటాయి?

అత్తగారిని తప్పు పట్టే పని నేను పెట్టుకోలేదు. ఇంట్లో ఒక మనిషి ప్రాణం నిలబెడుతున్న పద్ధతినే ఆవిడ కోడలికీ ప్రేమగా అమలు చేసింది. ‘మీ ఆయనకి మీరు చేసేది సరిగ్గా చేస్తున్నారమ్మా. ఈ పిల్లకి కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఈమె గిన్నె వేరు’ అన్నాను. గిన్నె వేరు అన్న మాట ఆవిడకి బాగా పట్టింది. ఆ రోజు నుంచి కోడలికి మామూలు ఉప్పుతో కూర విడిగా వండింది. బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ తల్లి ఒక పెద్ద గ్లాసు నీళ్ళో గంజో మజ్జిగో తాగాలని చెప్పాను. చోడి (రాగి) అంబలి, తోటకూర, మునగాకు, ఎండు రొయ్యలు, గుడ్డు పెట్టమన్నాను. టీ మాత్రం ఐరన్ మాత్ర దగ్గరికి రాకూడదని చెప్పాను.

ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలని ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెప్తుంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఈమెకి ఆశా కార్యకర్త ఇచ్చింది కూడా. మలబద్ధకం వచ్చిందని పదో రోజుకే పక్కన పెట్టేసింది. హిమోగ్లోబిన్ మరీ తక్కువుంది కాబట్టి సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ ఎక్కించాలనుకున్నాను. బరువు 46 కిలోలు, చేరాల్సిన హిమోగ్లోబిన్ 12, ఉన్నది 7.6. లెక్క వేస్తే దాదాపు 1000 మిల్లీగ్రాములు వచ్చింది. రోజు విడిచి రోజు 200 చొప్పున అయిదుసార్లు ఇచ్చాం. తూలుడు మాత్రలన్నీ ఆపేశాను. మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు కాళ్ళు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఆ తరవాతే నిలబడమన్నాను.

నేను అడగని ప్రశ్న

అయిదు వారాల తరవాత మళ్ళీ వచ్చింది. చెక్కిళ్ళలో రంగు వచ్చింది. హిమోగ్లోబిన్ 10.8. నిలబెడితే బీపీ దాదాపు కదల్లేదు. ఫైల్లో ‘మెరుగైంది’ అని రాయడానికి పెన్ను తీశాను. అప్పుడే అంది: ‘సోలిపోడం తగ్గింది గానీ బుర్ర తిరగడం తగ్గలేదు మేడం.’

పెన్ను పక్కన పెట్టేశాను. ఆమె దృష్టిలో అవి రెండు వేరు వేరు బాధలు. నేను మొదటిరోజు ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న ఒక్క మాట పట్టుకుని రెండింటినీ కలిపేశాను. మన భాషలోనే ఎంత తేడా ఉందో చూడండి. కళ్ళు బైర్లు కమ్మడం అంటే చీకటి ముసిరి పడిపోబోతున్నట్టుండడం, అక్కడ మెదడుకి రక్తం చాలడం లేదు. ఇల్లు గిర్రున తిరగడం వేరు, అది చాలావరకు చెవి లోపలి సంగతి. నడుస్తుంటే తూలిపోవడం, తల తేలిపోతున్నట్టుండడం మరొకటి. పేషెంట్‌కి ఈ తేడా తెలుసు. మనం అడిగితే చెప్తుంది. ‘ఎలా తిరుగుతోందో కళ్ళు తిరుగుతున్నాయి అనకుండా చెప్పమ్మా’ అని అడగాల్సింది మొదటి రోజే.

ఈసారి అడిగాను. ‘పక్క మీద ఒత్తిగిల్లితే ఇల్లంతా గిర్రుమని తిరిగిపోతాది. కాసేపుండి ఆగిపోతాది. దండెం మీద బట్టలు తీసినా అంతే’ అంది. ఏ పక్కకి ఒత్తిగిల్లితే అంటే ఠక్కున చెప్పలేకపోయింది. తిరుగుతుందన్న భయంతో అసలు ఆ పక్కకే పడుకోవడం మానేసింది.

అప్పుడు అత్తగారు వేరే ఏదో చెప్తున్నట్టుగా అంది: ‘కుడి రొమ్ము గడ్డ కడతందమ్మా. పిల్లడు ఎడమ వైపే తాగుతాడు.’ ఏఎన్ఎమ్‌కి చూపిస్తే గోరువెచ్చటి కాపడం పెట్టమందట. బిడ్డ ఒకవైపే ఎందుకు తాగుతున్నాడని అడిగితే కోడలు తల దించుకుంది. రాత్రిళ్ళు పడుకునే పాలిస్తుంది. కుడి పక్కకి పడుకోలేదు కాబట్టి ఎడమ పక్కకే పడుకుని ఎడమ రొమ్మే ఇస్తోంది. కూర్చుని ఒళ్ళోకి తీసుకోవాలంటే భయం. ‘ఎత్తుకుంటే పడేస్తానేమోనని బయ్యం మేడం.’ బిడ్డ మొదటి రోజు నుంచీ అత్తగారి భుజం మీదే ఎందుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. రొమ్ము గడ్డకీ తల తిరగడానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? కానీ ఏ చెవో నాకు చూపించింది ఆ గడ్డే.

పరీక్ష ఒక్క నిమిషం. బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వాలేలా పట్టుకోవాలి. కళ్ళు తెరిచే ఉంచాలి. దీన్ని మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరించారు కాబట్టి డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటాం. నాలుగు సెకన్లు ఏమీ లేదు. అయిదో సెకనుకి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ‘అమ్మో, అమ్మో’ అంది. కనుగుడ్లు పైకి కొట్టుకుంటూ, కుడి చెవి వైపు మెలి తిరుగుతున్నాయి. ఇరవై సెకన్లకి ఆగింది. ఎడమ వైపు చేస్తే ఏమీ రాలేదు.

లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగంలో కాల్షియం కార్బొనేట్ పలుకులు ఉంటాయి. అవి ఊడి పక్కనే ఉన్న అర్ధచంద్రాకారపు గొట్టంలోకి జారితే, తల కదిపినప్పుడల్లా అందులోని ద్రవాన్ని తోస్తాయి. ఇల్లు తిరుగుతోందని మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. దీని పేరు బీపీపీవీ (బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో). వారాల తరబడి మంచం పట్టి ఉండడం ఇది రావడానికి ఒక కారణమని మనకి తెలుసు. తరవాత చేయించిన విటమిన్ డి 11 వచ్చింది, 20 కంటే తక్కువ ఉంటే లోపమే. ఎండ తగలని గదిలో మూడు నెలలు గడిపిన మనిషికి అది ఆశ్చర్యం కాదు. డి తక్కువున్నవాళ్ళకి డి, కాల్షియం ఇస్తే ఈ తిరుగుడు మళ్ళీ మళ్ళీ రావడం తగ్గిందని 2020లో కొరియాలో జరిగిన పెద్ద ట్రయల్ చూపించింది, అందుకని అవి కూడా మొదలుపెట్టాను.

అత్తగారు దూది సంగతి ఎత్తింది. ‘చెవిలో గాలి దూరుంటాదని నేను ముందే అన్నాను’ అంది. గాలి కాదమ్మా, కానీ చెవి అన్నది మాత్రం మీరే ముందు చెప్పారు అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ తరవాత ఆవిడ నాకు పెద్ద సాయం.

దీనికి మందు మాత్ర కాదు, తలని వరుసగా తిప్పడం. జాన్ ఎప్లీ అనే డాక్టరు పద్ధతి ఇది. పరీక్షలో పడుకున్న భంగిమ నుంచే తల నెమ్మదిగా ఎడమకి 90 డిగ్రీలు తిప్పాలి, ఆ తరవాత ఒళ్ళంతా ఎడమ పక్కకి ఒత్తిగిల్లి ముక్కు నేల వైపు చూడాలి, చివరికి గడ్డం కిందికి వంచి లేచి కూర్చోవాలి. ఒక్కో చోట తిరగడం ఆగేదాకా, కనీసం 30 సెకన్లు ఉంచాలి. ఒకసారి చేసి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్షిస్తే కొద్దిగా మిగిలింది. రెండోసారి చేశాక కళ్ళు కదల్లేదు. మూడు నెలల బాధ అరగంటలో పోయింది. సంతోషమే గానీ, నా దగ్గరికి రాకముందు వేసుకున్న మాత్రల అట్టలు గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. నిద్రమత్తు తెచ్చే ఆ మందులు గొట్టంలో పలుకుని కదపలేవు. వాంతులు మరీ ఎక్కువైతే ఒకటి రెండు రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి వద్దు.

ఇక్కడ ఒక మాట ఆపి చెప్పాలి. ఇది చదివి ఎవరూ ఇంట్లో మొదటిసారి ఈ పద్ధతి సొంతంగా చేసుకోకండి. ఏ చెవో తెలియాలి, మెడ బాగుండాలి. అంతకంటే ముఖ్యం, కాన్పైన ఆరు వారాల లోపు తల తిరగడంతో పాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బీపీ 140/90 దాటడం ఉంటే అది గుర్రపువాతానికి ముందు దశ కావచ్చు. తలనొప్పి రోజురోజుకీ పెరిగి వాంతులు, ఫిట్స్ వస్తే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. మాట తడబడడం, మూతి వంకర, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, రెండుగా కనపడడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ప్యాడ్ గంటకొకటి తడిసేంత రక్తస్రావం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కాన్పులో చాలా రక్తం పోయి, అసలు పాలే పడకుండా, నెలల తరబడి నీరసం, తూలుడు ఉంటే పిట్యుటరీ గ్రంథి దెబ్బతిందేమో పరీక్షించాలి. ఈమెకి వీటిలో ఏదీ లేదని రెండు విజిట్లలోనూ అడిగి రాసుకున్నాను.

బియ్యం మూట

వారం తరవాత వచ్చినప్పుడు పరీక్షలో ఏమీ లేదు. అయినా గోడ పట్టుకునే వచ్చింది. బిడ్డ అత్తగారి దగ్గరే. ‘తిరగట్లేదు మేడం, కానీ తిరుగుతాదేమోనని ఉంటంది. ఆటో ఎక్కితే, బజార్లో జనంలో నడిస్తే తేలిపోతన్నట్టు ఉంటాది.’

ఇక్కడే చాలామంది డాక్టర్లు ‘అంతా నార్మల్, టెన్షన్ పడకు’ అని పంపేస్తారు. అలా పంపడం అన్యాయం. మూడు నెలలు తల కదపకుండా, మెడ బిగబట్టి, నేల చూస్తూ బతికిన ఒంటికి ఆ బిగుసుకోవడమే అలవాటైపోతుంది. చెవి బాగుపడినా మెదడు దాన్ని నమ్మదు. ఇలా వదిలేస్తే నెలల తరబడి నిలిచిపోయే తూలుడుగా మారుతుంది. దానికీ వైద్యంలో ఒక పేరుంది, 2017లో లక్షణాలు నిర్ణయించారు. ఇది కల్పన కాదు, బలహీనత కాదు.

కాన్పు తరవాత డిప్రెషన్ కోసం వాడే పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ చదివి వినిపించి చేయించాను. 30కి 12 వచ్చింది. చనిపోవాలన్న ఆలోచన గురించిన ప్రశ్నకి సున్నా. కానీ ‘మంచి తల్లిని కాదనిపిస్తంది’ అని తనంతట తానే అంది. అక్కడి నుంచే చెన్నైలో ఉన్న భర్తకి వీడియో కాల్ చేయించి, ఆమెకి ఏమైందో, ఏమి కాలేదో నేనే చెప్పాను. ‘రోజూ రాత్రి ఫోన్ చెయ్యి బాబూ, బిడ్డ గురించే కాదు, ఈమె ఏం చేసిందో అడుగు’ అన్నాను. సరే మేడం అన్నాడు, చేశాడు కూడా.

వ్యాయామాలు మూడే ఇచ్చాను. బొటనవేలు చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, దాని మీద చూపు తప్పకుండా తల అటూ ఇటూ తిప్పడం, ఒక్కోసారి ఒక నిమిషం, రోజుకి మూడుసార్లు. గోడ పక్కన పాదాలు దగ్గరగా పెట్టి నిలబడడం, కుదిరితే కళ్ళు మూసి. పెరట్లో ఒక కొబ్బరి చెట్టు నుంచి ఇంకో చెట్టు దాకా తల తిప్పుతూ నడవడం. మొదటి వారం తూలుడు పెరిగినట్టనిపిస్తుంది, అది సహజం, ఆపొద్దని ముందే చెప్పాను. ముందే చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు.

బిడ్డని ఎత్తుకోవడం ఎలా మొదలుపెట్టాలో మాత్రం అత్తగారే తేల్చింది. బిడ్డ బరువు అయిదున్నర కిలోలు. ‘అయిదు కిలోల బియ్యం మూట కట్టిస్తాను, ముందు దాన్ని ఎత్తుకు తిరగమనండి’ అంది. నాకు తట్టని ఆలోచన. నేల మీద చాప వేసి, కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకోవడం, మూటతో లేవడం, మూటతో వసారా దాకా నడవడం. ఆ తరవాత అదే వరుసలో బిడ్డ. ప్రతి మెట్టూ మూడు రోజులు భయం లేకుండా గడిస్తేనే తరవాతి మెట్టు. పాలు కూర్చుని, వీపుకి దిండు ఆనించుకుని, రెండు వైపులా ఇవ్వమన్నాను.

ఆగస్టులో వచ్చినప్పుడు బిడ్డ ఆమె చంకలో ఉన్నాడు. హిమోగ్లోబిన్ 12.1. రొమ్ము గడ్డ ఎప్పుడో కరిగిపోయింది. ఎడిన్‌బరో స్కోరు 5. బస్సులో వచ్చారు, కిటికీ పక్కన కూర్చుందట. ఐరన్ మాత్రలు 180 రోజులు పూర్తయ్యేదాకా వేసుకోవాలని మళ్ళీ చెప్పాను.

ఈ జబ్బు కొందరిలో తిరిగి వస్తుంది. అందుకే ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరికీ బల్ల మీద రెండుసార్లు చేయించి, మళ్ళీ కుడి పక్కకే, ఇదే తీరుగా తిరిగితే ఇంట్లో ఎలా చేసుకోవాలో నేర్పాను. వేరే ఏ లక్షణం తోడైనా చేసుకోకుండా రమ్మన్నాను. సంక్రాంతికి భర్త వచ్చిన వారంలో ఫోన్ చేసింది. పొద్దున్న లేస్తుంటే ఇల్లు తిరిగిందట. ‘కుడి పక్కే మేడం. తలనొప్పి లేదు, ఏటీ లేదు. మా అత్త తల పట్టుకుంది, ఆయన టైము చూశారు. రెండోసారికి ఆగిపోయింది.’ ఎందుకైనా మంచిదని మర్నాడు రమ్మని చూశాను. రెండు వైపులా కళ్ళు నిలకడగా ఉన్నాయి.